ఎండకు ఆగే బండి మీద ఆళ్లగడ్డకు

మే నెలలో నంద్యాల వెళ్తున్నానంటే మా అమలాపురంలో ఒక్కరూ మెచ్చుకోలేదు. మన ఎండలు చాలలేదా అన్నారు ఎదురింటి మాస్టారు. ఆయనకు చెప్పలేకపోయాను గాని, మా ఎండ వేరు, సీమ ఎండ వేరు. మా ఎండ ఒంటికి జిగురులా అంటుకుంటుంది, తడిసిన చొక్కా సాయంత్రం దాకా ఆరదు. అక్కడి ఎండ పొయ్యి ముందు కూర్చున్నట్టు ముఖానికి కొడుతుంది. చెమట పట్టేలోపే ఆరిపోతుంది. ఈ తేడా కాస్త గుర్తుంచుకోమని చదివేవారికి నా మనవి. ముందు పనికొస్తుంది.

నన్ను రమ్మన్నది దేవదానం. ధవళేశ్వరంలో కాలువల శాఖలో ఇద్దరం ఒకే గదిలో ఉండి చాలా ఏళ్లు ఉద్యోగం చేశాం. రిటైరయ్యాక అతను సొంత ఊరు నంద్యాల చేరుకున్నాడు. ఎప్పుడు ఫోను చేసినా "రాప్పా" అనే అంటాడు, నేను చూద్దాం అంటాను. ఈసారి మాత్రం, "మూర్తీ, నువ్వొచ్చి నా బండి సంగతి తేల్చిపో, ల్యాకుంటే ఇంగ నాకు తోట ల్యా" అన్నాడు. బండికీ తోటకీ సంబంధమేమిటో ఫోనులో అడగలేదు. మర్నాడే టిక్కెట్టు తీసుకున్నాను.

నంద్యాల: పొద్దున్నే బజ్జీలు

శుక్రవారం పొద్దున రైలు దిగేసరికి దేవదానం ఆటోలో వచ్చి ఉన్నాడు. నలభై ఏళ్ల స్నేహంలో అతను బండి లేకుండా ఎదురు రావడం నేను చూడలేదు. ఇంటికి వెళ్లేలోపు ఒక చిన్న హోటలు దగ్గర ఆపించి ఉగ్గాని తినిపించాడు. మేం మరమరాలనే బొరుగులను నీళ్లలో తడిపి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో వేసి, పైన పుట్నాలపప్పు పొడి చల్లుతారు. పక్కన పొడుగాటి మిరపకాయ బజ్జీ ఉండాల్సిందే. మా వైపు బజ్జీ అంటే సాయంత్రపు సరదా. అక్కడ అది పొద్దుటి పలహారం. మొదటి బజ్జీకి నాకు కళ్లనీళ్లు వచ్చాయి, రెండోదానికి అలవాటైంది. ఇద్దరికీ కలిపి ఎనభై రూపాయలు అయింది. ఆ ధరకి మా ఊళ్లో ఒక్కరికి అట్టు కూడా పూర్తిగా రాదు.

ఇంట్లో దేవదానం భార్య కరుణమ్మ వసారాలో మిషను ముందు కూర్చుని చొక్కాలకు కాజాలు కుడుతోంది. చుట్టుపక్కల టైలర్లు కాజాల పని ఆవిడకే ఇస్తారట. మిషను ఉన్నా కాజాలు మాత్రం చేత్తోనే కుడుతుంది. గుండీ దూరేంత చీలికకు చుట్టూ దారం అల్లి, అంచు ఎప్పటికీ పీచులేవకుండా చేస్తుంది. నన్ను చూసి సూది పక్కన పెట్టి, "మీరొచ్చినారంటే తేలిపోతాదిలే అన్నా, అట్లనో ఇట్లనో" అంది.

ఏమి తేలాలో మధ్యాహ్నం వాళ్లబ్బాయి సుధాకర్ అన్నానికి వచ్చినప్పుడు తెలిసింది. సుధాకర్ విత్తనాల కంపెనీలో పనిచేస్తాడు. మర్యాదైన మనిషి, మాట మాత్రం సూటి. దేవదానానికి ఆళ్లగడ్డ దాటాక దొర్నిపాడు పోయే దారిలో అరటితోట ఉంది. బోరుకు కరెంటు ఒక వారం పొద్దున పూట ఇస్తే ఒక వారం మధ్యాహ్నం ఇస్తారు. ఆ వేళకు బస్సు దొరకదు. అందుకని వారానికి రెండు మూడుసార్లు దేవదానం తన పాత మోటారుసైకిలు మీద వెళ్లివస్తాడు. ఆ బండి చలికాలంలో గుర్రంలా పోతుంది. ఎండలు ముదిరాయంటే దారిలో ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. కిందటి వేసవిలో అలా ఆగితే తోసుకుంటూ పోయి వడదెబ్బకు రోడ్డు పక్కన పడిపోయాడు. లారీ డ్రైవరెవరో నీళ్లు చల్లి లేపాడట.

"ముగ్గురు మెకానిక్కులకు చూపించినాం పెద్దనాయనా. ప్లగ్గు మార్చినారు, కాయిలు మార్చినారు, కార్బొరేటరు ఊడదీసి కడిగినారు. షెడ్డుకాడ బాగానే ఉంటాది, రోడ్డెక్కితే ఆగిపోతాది" అన్నాడు సుధాకర్. తర్వాత తండ్రి వైపు చూడకుండా నాతోనే చెప్పాడు. "ఇంగొక్కసారి ఆగిందంటే అమ్మేస్తా. సోమవారం మనిషొస్తానన్నాడు. తోట గుత్తకిచ్చేస్తా. నాకు అరటికాయల కంటే నాయన ముఖ్యం."

 దేవదానం మజ్జిగన్నం కలుపుకున్నాడు. సుధాకర్ వెళ్లాక కరుణమ్మ నెమ్మదిగా అంది. "వాడు చెప్పేది నిజమే అన్నా. కానీ తోట లేకుంటే ఆయప్ప ఇంట్లో కూచోని ఎండిపోతాడు. ఉంటే రోడ్డు మింద ఎండిపోతాడు. నన్నేం జేయమంటారు?"

ఆ సాయంత్రం డైరీలో ఒకే మాట రాసుకున్నాను: ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. కాలువ గండిని వెతికే పద్ధతి అదే. నాలుగు తూములు ఒకేసారి మూస్తే నీరు ఎక్కడ పోతోందో ఎప్పటికీ తెలియదు.

శిరివెళ్ల ముందు వేపచెట్టు

శనివారం కావాలనే ఎండెక్కాక బయలుదేరాం. పొద్దున చల్లగా వెళ్తే జబ్బు బయటపడదు కదా. బయలుదేరే ముందు దేవదానం బండికి చేసే సేవ చూసి ముచ్చటేసింది. నంద్యాలలో ఎండలో నిలిపిన బండ్లకు చాలామంది తడి గోనెసంచి కప్పుతారు. పెట్రోలు ట్యాంకు కాలకుండా ఉండటానికి. మా వైపు ఈ అలవాటు లేదు. తడిబట్ట వేసినా మా గాలికి అది ఆరదు, చల్లబరచదు. ఇక్కడి పొడిగాలికి తడిబట్ట కుండలో నీళ్లలా చల్లగా అవుతుంది.

దేవదానం ఇంకో అడుగు ముందుకేశాడు. ట్యాంకు మీద ముందు ఎరువుల బస్తా లోపల వచ్చే మందపాటి ప్లాస్టిక్ కాగితం పరిచాడు. దాని మీద తువ్వాలు నాలుగు మడతలు పెట్టి తడిపి వేశాడు. ఎగిరిపోకుండా లారీ ట్యూబులోంచి కోసిన రబ్బరు పట్టీతో పైనుంచి బిగించాడు. ఇది ఉంటే బండి నడుస్తున్నంతసేపూ ట్యాంకు చల్లగా ఉంటుందని, తొడలు కాలవని చెప్పాడు. నేను చెంబుతో ఇంకాసిన్ని నీళ్లు పోసి మెచ్చుకున్నాను కూడా. బంకు దగ్గర ట్యాంకు నిండా పెట్రోలు పోయించాను. ఆగితే పెట్రోలు లేక ఆగిందనే అనుమానం ఉండకూడదని నా లెక్క.

ఊరు దాటాక దారి బాగుంది. ఎడమవైపు దూరంగా నల్లమల కొండలు ఎండకు పలచబడి నీలం పొగలా కనిపిస్తాయి. కుడివైపు పత్తి తీసేసిన నల్లరేగడి నేలలు అరచెయ్యి పట్టేంత బీటలు తీసి ఉన్నాయి. నా పాత స్నేహితుడి వెనక కూర్చుని, అతని తలపాగా చెంగు నా ముఖానికి కొట్టుకుంటుంటే, ధవళేశ్వరంలో కాలువ గట్ల మీద ఇలాగే తిరిగిన రోజులు గుర్తొచ్చాయి.

శిరివెళ్ల ఇంకా రాకముందే బండి దగ్గింది. గొంతు పట్టినట్టు రెండుసార్లు లాగి, ఆగిపోయింది.

"ఎప్పుడూ ఆళ్లగడ్డ దాకన్నా వస్తాండె. నిండా పోయిస్తే ఈడనే పడుకున్నె. నీ కాలు మంచిది కాదప్పా" అన్నాడు దేవదానం. నవ్వుతూనే అని, దిగి హ్యాండిలు పట్టుకున్నాడు.

కాస్త దూరంలో వేపచెట్టు కింద సర్బత్తు బండి కనిపించింది. ఇద్దరం తోసుకుంటూ వెళ్లాం. దేవదానం వెంటనే పట్టీ తీయబోయాడు. ఎప్పుడు ఆగినా అతను చేసేది అదేనట: తువ్వాలు తీయడం, మూత తెరిచి పెట్రోలు చూడటం, మళ్లీ మూసి కిక్కు తన్నడం. పది నిమిషాలకు స్టార్టవుతుంది. చల్లారితే అవుతుందని అందరి నమ్మకం. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఈసారి ఏదీ ముట్టుకోవద్దు, ఊరికే చల్లారనిద్దాం అన్నాను.

సర్బత్తు అమ్మే ఆవిడ పేరు హుసేన్‌బీ. నన్నారి వేర్లతో కాచిన సర్బత్తులో నిమ్మకాయ పిండి, సబ్జా గింజలు వేసి ఇచ్చింది. గ్లాసు ఇరవై. ఆ వేరుల వాసన నోట్లో చాలాసేపు ఉంటుంది. మాకు దగ్గర్లో దొరికే ఏ పానీయమూ దానికి సాటిరాదని ఒప్పుకోవాలి. ఆవిడ మమ్మల్ని, బండిని మార్చి మార్చి చూసి, "ఈ ఎండకే పుట్టినాది కదా అది, దానికేం రోగం?" అంది.

రెండో గ్లాసు కూడా తాగాం. ఇంజను మీద చెయ్యి పెడితే కాలనంత చల్లబడింది. దేవదానం తన్నాడు, నేను తన్నాను. ఊపిరే లేదు. అప్పుడు నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. చల్లారినా కదలనిదానికి వేడి జబ్బు ఎలా అవుతుంది?

ఆలోచిస్తూ హుసేన్‌బీ పని చూస్తున్నాను. ఆవిడ దగ్గర కుళాయి బిగించిన నీళ్ల క్యాను ఉంది. గ్లాసులు కడుగుతుంటే నీటిధార సన్నబడి, సన్నబడి ఆగిపోయింది. ఆవిడ అటు చూడకుండానే చెయ్యి చాపి పై మూతను కాస్త వదులు చేసింది. క్యాను గుడగుడమని, ధార మళ్లీ వచ్చింది. కడగడం అయ్యాక మూత గట్టిగా బిగించింది. కాసేపటికి మళ్లీ అదే పని.

"వదులుగానే ఉంచకూడదా అమ్మా?" అని అడిగాను.

"వదులుగుంటే లారీల దుమ్మంతా దాంట్లోనే. బిగిస్తే నీళ్లు రావు. ఈ తిప్పుడు నాకు పొద్దంతా ఉండేదే సామీ."

నేను లేచి బండి దగ్గరికి వెళ్లాను. రబ్బరు పట్టీ విప్పాను. తువ్వాలు ఎత్తాను. కింద ప్లాస్టిక్ కాగితం ట్యాంకు మూత మీద మామూలుగా పరిచినట్టు లేదు. మూత నడుమ ఉన్న గుంటలోకి లోపలినుంచి ఎవరో పీల్చినట్టు అతుక్కుపోయి ఉంది. దేవదానాన్ని పిలిచి చూపించాను. గోటితో అంచు లేపితే సుయ్యిమని గాలి లోపలికి పోయింది.

మూత తెరవలేదు, ఇంకేదీ ముట్టుకోలేదు. "తన్ను" అన్నాను. కాసేపు తన్నాడు, గొట్టంలోకి పెట్రోలు దిగగానే బండి అందుకుంది.

పెట్రోలు కిందికి దిగాలంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి. అందుకే మూతలో చిన్న రంధ్రం పెడతారు. దాన్ని ప్లాస్టిక్‌తో మూసి, పైన తడి తువ్వాలు బరువు పెట్టి, రబ్బరుతో బిగించాం. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలి తక్కువ కాబట్టి ఇంకా ముందే ఆగింది. మెకానిక్కుల తప్పు లేదు. ఏ మెకానిక్కైనా ముందు ఆ బట్టలు తీసి పక్కన పడేసే కదా పని మొదలుపెట్టేది. వాళ్ల చేతికి వచ్చేసరికి బండికి జబ్బే లేదు.

"కానీ టవాలు ఎన్నేండ్లనుంచో కడ్తాండా మూర్తీ" అన్నాడు దేవదానం.

"ప్లాస్టిక్కో?"

 కిందటి వేసవి మొదట్లో తువ్వాలు నీళ్లు ట్యాంకులోకి దిగి పెట్రోలు చెడిపోయిందట. అప్పటినుంచి ప్లాస్టిక్ వేస్తున్నాడు. మెకానిక్కులు ఏమైనా మార్చావా అని అడిగితే ఏమీ మార్చలేదన్నాడు. అబద్ధం కాదు. అది అతని దృష్టిలో మార్పు కాదు, జాగ్రత్త.

"దప్పికయితాదని గొంతు బిగించి నీళ్లు పోసినా దానికి" అని, ట్యాంకును అరచేత్తో నిమిరాడు.

ఆళ్లగడ్డ: రాళ్ల వీధిలో ఇద్దరు ముసలివాళ్లు

అక్కడితో సంతోషించి వెళ్లిపోవచ్చు. నా పద్ధతి అది కాదు. ఒకసారి కుదిరింది అదృష్టం కావచ్చు. మనంతట మనం ఆపగలిగితేనే కారణం దొరికినట్టు. శిరివెళ్ల బంకులో మళ్లీ ట్యాంకు నింపించి, ప్లాస్టిక్, తువ్వాలు, పట్టీ అన్నీ మొదటిలాగే బిగించమన్నాను. దేవదానానికి మనసొప్పలేదు. నా మాట మీద బిగించాడు.

ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే షెడ్లు వరుసగా ఉంటాయి. వీధంతా ఉలి చప్పుడే. రాతిపొడి ఆకుల మీద, మనుషుల కనుబొమల మీద తెల్లగా పడి ఉంటుంది. ముక్కు వచ్చి కళ్లు ఇంకా రాని దేవతలు, తొండం ఒక్కటే తేలిన వినాయకులు రోడ్డు వైపు చూస్తుంటారు. సరిగ్గా ఆ షెడ్ల ముందు మా బండి దగ్గి, రెండుసార్లు లాగి, ఆగిపోయింది.

దేవదానం దిగి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. నేను అతని వీపు తట్టాను. ఇద్దరం నడివీధిలో పగలబడి నవ్వాం. ఒక శిల్పి ఉలి ఆపి, పక్కవాడితో, "బండి నిల్చిపోతే నవ్వుతాండారేంది ఈ పెద్దోళ్లు, ఎండ తలకెక్కిందేమో, నీళ్లియ్‌రా" అన్నాడు. కుండనీళ్లు తెచ్చి ఇచ్చారు. తాగి, ప్లాస్టిక్ పీకి నా సంచిలో పడేసి, తువ్వాలు దేవదానం మెడలో వేసి బయలుదేరాం. అక్కడ మమ్మల్ని చూసినవాళ్లలో సుధాకర్ కంపెనీ మనిషి ఒకడు ఉన్నాడని మాకు తెలియదు.

దొర్నిపాడు దారిలో తోట

తోట చూసేదాకా దేవదానం పట్టుదల నాకు పూర్తిగా అర్థం కాలేదు. మా కోనసీమలో అరటి కొబ్బరిచెట్ల నీడలో అడక్కుండానే పెరుగుతుంది. కాలువ పక్కన పిలక నాటి మరిచిపోయినా గెల వేస్తుంది. ఇక్కడ చుట్టూ బీటల నేల, మధ్యలో ఆకుపచ్చని చదరంలా ఈ తోట. ప్రతి చెట్టునూ మనిషి నిలబెట్టాలి.

తోట చూసుకునే మద్దిలేటి జొన్నరొట్టె, ఎర్రకారం, ఉల్లిపాయ, చల్లటి మజ్జిగ పెట్టాడు. రొట్టె విరిస్తే విరగదు, చించాలి. పళ్లు లేని నాకు మజ్జిగలో నానబెట్టి ఇచ్చాడు. కరెంటు వచ్చింది. మోటారు మూలిగి, గొట్టం ఉలిక్కిపడి, నీళ్లు దూకాయి. దేవదానం చెప్పులు విడిచి కాలువలో నిలబడి, పారతో మడవలు తెరుస్తూ పోయాడు. ధవళేశ్వరంలో తూము తలుపులు ఎత్తించిన మనిషే. వయసు ఆ కాసేపూ అతని మీద కనపడలేదు.

మూడింటి ఎండలో తిరుగు ప్రయాణం. బండి ఎక్కడా దగ్గలేదు. శిరివెళ్ల దగ్గర హుసేన్‌బీకి చెయ్యి ఊపాం.

మళ్లీ నంద్యాల

సుధాకర్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. చెయ్యి చాపి తాళం చెవి అడిగాడు. దేవదానం ఇచ్చాడు.

"రాళ్ల వీధిలో ఆగిపాయనంట కదా. ఫోను వచ్చింది నాకు."

"మేమే ఆపినాం లేరా" అన్నాడు దేవదానం.

"మేమే ఆపినామంటే ఎవురన్నా నమ్ముతారా నాయనా? పెద్దనాయనా, మీరు చెప్పండి. ఎండలో మా నాయనను కూచోబెట్టుకుని, బండి ఆగేటట్టు మీరే చేసినారా?"

చేశానన్నాను. శిరివెళ్ల నుంచి జరిగిందంతా వరసగా చెప్పి, సంచిలోని ప్లాస్టిక్ కాగితం ముందు పెట్టాను. మూత గుంట అచ్చు దాని మీద ఇంకా ఉంది. కరుణమ్మ దాన్ని తీసుకుని వెలుతురుకు పెట్టి చూసింది. సుధాకర్ నమ్మలేదు, కాదనలేదు. రేపు చర్చి అయినాక తానే నడిపి చూస్తానన్నాడు. ఒక్కసారి ఆగినా సోమవారం బేరమే.

ఆదివారం ప్రార్థన ముగిశాక, మిట్టమధ్యాహ్నం, ఏమీ కప్పని ట్యాంకుతో సుధాకర్ బయలుదేరాడు. మేం వసారాలో కూర్చున్నాం. పక్కింటి పీటరమ్మ గారింట్లోంచి వచ్చిన సేమ్యా పాయసం ఎవరం ముట్టలేదు. దేవదానం ఏ బండి చప్పుడైనా తల ఎత్తుతున్నాడు. తోట చేరానని ఒక ఫోను వచ్చింది. ఆ తర్వాత రావలసిన వేళ దాటింది, మనిషి రాలేదు. మళ్లీ ఫోను మోగింది. దేవదానం స్పీకరు పెట్టాడు.

"నాయనా, ఆగిపాయ."

 ఫోను పట్టుకున్న దేవదానం చెయ్యి ఒళ్లోకి జారింది. కరుణమ్మ లేచి నిలబడింది.

"వింటాండావా? తోటలో ఎరువుల సంచి ప్లాస్టిక్ కనపడె. మూతకు కట్టి చూద్దామనిపించె. శిరివెళ్ల దాటినాక ఆగిపాయ. తీసేస్తే మల్లా పోతాండాది. నేనే ఆపినా అంటే నమ్ముతావా?"

దేవదానం నవ్వడానికి కొంచెం సేపు పట్టింది.

సుధాకర్ చీకటి పడేలోపు వచ్చాడు. బేరం మనిషికి ఫోను చేసి రావద్దన్నాడు. తాళం చెవి మాత్రం జేబులోనే ఉంచుకుని లోపలికి పోయాడు. 

సోమవారం పొద్దున నా రైలు. బయటికి వచ్చేసరికి బండి గుమ్మం ముందు తుడిచి ఉంది. ట్యాంకు మీద తడి తువ్వాలు పరిచి ఉంది. మళ్లీ మొదటికొచ్చిందనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే, తువ్వాలు నడుమ గుండ్రంగా కత్తిరించి, అంచు చుట్టూ తెల్లదారంతో గట్టిగా అల్లి ఉంది. ఆ కాజాలోంచి పెట్రోలు మూత ఒక పెద్ద గుండీలా పైకి తేలి ఉంది. మూత పక్కన, తువ్వాలు మడతలో, తాళం చెవి.

కరుణమ్మ మిషను దగ్గర తల వంచుకుని ఎవరిదో చొక్కా కుడుతోంది. సుధాకర్ పళ్లు తోముకుంటూ అటు తిరిగి నిలబడ్డాడు.

దేవదానం నన్ను స్టేషను దగ్గర దింపాడు. రైలు వచ్చేదాకా ఉండమన్నా ఉండలేదు. ఆ వారం కరెంటు పొద్దున పూటే ఇస్తున్నారట.